వరస నిప్పు

ఉత్తర ఇంగ్లండు కొండల్లో, పాత సున్నపు బట్టీ పక్కన ఐదిళ్ళ వరస. మూడో నంబరు వంటిల్లు. క్రిస్మస్ వెళ్ళిన రెండో వారం, మధ్యాహ్నం రెండు దాటింది. పట్నం కంటి ఆసుపత్రి నుంచి బస్సు దిగి వచ్చిన హెస్టర్ గుమ్మంలో నిలబడింది. లోపల స్టూలెక్కి లాంతరు తగిలిస్తున్నది రెండో నంబరు ఇంటి పిల్ల కిట్టీ.

"మీరే! మీరందరూ కలిసి చేశారు! నువ్వూ, నీ ఎస్టేటు మేనేజరు పెల్హామూ, వాణ్ణి మామీదికి వదిలిన ఆ బంగళా వాళ్ళూ! నా పొయ్యి ఆర్పేశారు కదే!"

"అత్తా, ముందు తలుపు వేసెయ్. చలి లోపలికొస్తోంది."

"రానీ. నువ్వే కదా దాన్ని పిలిచింది."

"కేకలెయ్యకు. స్టూలు మీదున్నాను, చేతిలో గాజు లాంతరుంది."

"దిగు."

"ఈ ఒక్కటీ తగిలించేసి..."

"దిగమన్నానా!"

"దిగాను. ఇదిగో, దిగాను. ఇప్పుడేం కొంప మునిగిందని? రెండ్రోజులు. రెండంటే రెండే. ఫొటోలు తీసుకుంటారు, సామానంతా బండికెత్తుకుని పోతాను, నీ పొయ్యి నువ్వు మళ్ళీ వెలిగించుకుంటావ్. అగ్గిపుల్ల గీస్తే వెలుగుతుంది కదా."

"నువ్వు నాతో ఏమన్నావే పొద్దున? పండగైపోయింది అత్తా, ఎర్ర రిబ్బన్లూ గంటలూ తీసేస్తాను, వంటింటికి చలికాలం అలంకారం చేస్తాను, నువ్వు ఆసుపత్రి నుంచి వచ్చేసరికి నీ ఇల్లు నువ్వే గుర్తుపట్టలేవు అన్నావ్. నిజమే. గుర్తుపట్టలేదు. పొగగొట్టం చూసుకుంటూ కొండెక్కుతాను నేనెప్పుడూ. ఇవాళ పొగ లేదు. పక్కింటికి వెళ్ళిపోతున్నానేమో అనుకున్నా."

"బాగాలేదా?"

"ఏంటి?"

"అదే. అలంకారం. బాగాలేదా?"

"కళ్ళల్లో మందు చుక్కలేశారు. అన్నీ అలుక్కుపోయినట్టున్నాయి. ఆ గుమ్మం మీద తెల్లగా ఏంటది?"

"దండ. తెల్ల కొమ్మలూ, దేవదారు కాయలూ. కాయలకి కాస్త తెల్లరంగు అద్దాను. పండగ తర్వాత ఎరుపు ఉండకూడదత్తా. ఎరుపు తీసెయ్యాలి, తెలుపూ బూడిదరంగూ ఉంచాలి. అప్పుడు పండగలా ఉండదు, శీతాకాలంలా ఉంటుంది."

"కిటికీ మీద?"

"మంచు."

"కిటికీకి పొద్దున మంచు ఉందిగా. అద్దానికి లోపలివైపు, వేలెడు మందాన. నేనే చూశాను."

"అది తుడిచేశాను. ఫొటోలో మురికిగా పడుతుంది. ఇది డబ్బాలో వస్తుంది, కొడితే అంచుల్లో అందంగా..."

"అసలు మంచు తుడిచేసి దొంగ మంచు చల్లావా?"

"అందరూ అలాగే చేస్తారత్తా."

"నా కుర్చీలో ఎవరు కూర్చున్నారు?"

"ఎవరూ లేరు. గొర్రెతోలు పరిచాను."

"నా మొగుడు ముప్పయ్యేళ్ళు ఈ కొండమీద గొర్రెలు కాశాడు. ఒక్కనాడు గొర్రెని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టలేదు. ఆ తలుపుకి వేలాడేవేంటి, చచ్చిన కాకులా?"

"స్కేట్లు. మంచుమీద జారే బూట్లు."

"ఎవరివి?"

"ఎవరివీ కాదు. కొన్నాం. పాతవాటిలా కనిపించే కొత్తవి."

"ఒసే పిల్లా, చలికాలాన్ని బయట నిలబెట్టడానికే మనిషి ఇల్లు కట్టుకుంది. నువ్వు దాన్ని చెయ్యిపట్టుకుని లోపలికి తెచ్చి, గొర్రెతోలు పరిచి, కూర్చోమంటున్నావ్."

"నువ్వు నవ్వుతున్నావా, తిడుతున్నావా?"

"తిడుతున్నాను. ఇక్కడ వేడి ఉండాలి. ఇక్కడ. చెయ్యి పెట్టి చూడు. శవాన్ని ముట్టుకున్నట్టుంది. లోపల ఏం పెట్టావ్?"

"తెల్ల దుంగలు. మధ్యలో చిన్న దీపాల తీగ. బ్యాటరీవి. చూడు, నొక్కితే మినుకుమినుకుమంటాయి, అచ్చం నిప్పులాగే."

"ఆపు."

"సరే, ఆపాను."

"బాగుందే."

"ఆఁ?"

"కళ్ళు మసకగా ఉన్నా తెలుస్తోంది. బాగుంది. నీ చేతిలో పనితనముంది. అదే నా కోపం. చెత్తగా చేసుంటే చీపురుతో ఊడ్చి పారేసేదాన్ని."

"అయితే ఊరుకో అత్తా. టీ పెడతాను."

"దేనిమీద?"

"కరెంటు కెటిల్ తెచ్చాను. ఎస్టేటు వాళ్ళిచ్చారు. హీటరు కూడా ఇస్తారు, కొత్తది. మాకిచ్చారు, ఒకటో నంబరు వాల్టర్ తాతకిచ్చారు, నాలుగో ఇంట్లో కవలల తల్లికిచ్చారు. చక్రాలుంటాయి, ఎక్కడికి కావాలంటే అక్కడికి తోసుకోవచ్చు."

"మొన్న గాలికి కరెంటు మూడు రోజులు పోయింది. అప్పుడెక్కడికి తోసుకుంటావ్? కొండమీంచి కిందికా?"

"నీతో మాట్లాడలేం."

"మాట్లాడకు. విను. ఆ పొయ్యి ఆరితే ఈ ఇల్లు పోతుంది నాకు."

"అబ్బా. మళ్ళీ ఆ కథ."

"కథ కాదు."

"కథే. చిన్నప్పుడు రోజూ చెప్పేదానివి. అరవై మూడులో పెద్ద మంచు పడిందీ, తొమ్మిది వారాలు దారి మూసుకుపోయిందీ, బంగళా దొరసాని కారు మన వంతెన దగ్గర కూరుకుపోయిందీ..."

"చంకలో పదిరోజుల బిడ్డ. నీలంగా అయిపోయింది. నాకు పదకొండేళ్ళు, నేను చూశాను. వరసంతా ఒక్క వంటింట్లో చేరాం. ఐదు పొయ్యిలకి సరిపడా బొగ్గు లేదు, అందుకని ఒక్కటే ఉంచాం. బొగ్గయిపోతే బల్లలు కొట్టాం. బల్లలయ్యాక తలుపులు. మా మేడమెట్లు పొయ్యిలో పెట్టి, మార్చి దాకా నిచ్చెనేసుకుని ఎక్కాం. ఆ బిడ్డని ఈ చేతుల్తో ఊపాను."

"మీ వంటింట్లో."

"మా వంటింట్లోనే."

"ఆగ్నెస్ అత్త తన వంటింట్లో అంటుంది."

"దాని పేరెత్తకు. ఐదో నంబరులో నోరు తప్ప ఇంకేమీ వెలగదు. మంచు కరిగాక ఆ నిప్పే పారల మీద ఎత్తుకెళ్ళి ఇంటింటికీ పంచుకున్నాం. అప్పట్నించీ ఆరలేదు. ఎండాకాలం ఆరలేదు. మా అమ్మ చచ్చినరోజు ఆరలేదు. మా ఆయన జార్జి శవం ముందుగదిలో ఉంటే నేను వచ్చి బొగ్గేసి వెళ్ళాను. మీ ఇంట్లోనూ ఆరలేదు, మీ అమ్మ ఉన్నన్నాళ్ళూ. ఆ దొర కాగితం రాసిచ్చాడు: నిప్పు ఆరనంత కాలం ఎవ్వరూ కదిలించరని."

"ఎప్పుడో రాసిన కాగితం. ఇప్పుడు దాన్నెవరు పట్టించుకుంటారత్తా?"

"పట్టించుకోకపోతే పెల్హాం నా పొయ్యెందుకు ఆర్పించాడు?"

"ఆర్పించలేదు. ఫొటోలో పొగా, మసీ లేకుండా..."

"నీకు ఏమని చెప్పాడు? అన్న మాట అన్నట్టే చెప్పు."

"మామూలే. పొయ్యి శుభ్రంగా కడిగి, ముందు ఖాళీగా ఒక ఫొటో తీసి, తేదీ పడేటట్టు తనకి పంపమన్నాడు. తర్వాత అలంకారం చెయ్యమన్నాడు."

"అలంకారానికి ఖాళీ పొయ్యి ఫొటో ఎందుకే?"

"వెలుతురు ఎలా పడుతోందో చూసుకోడానికంట."

"సరే. తేదీ ఎందుకు?"

"తేదీ... ఏమో. లెక్క కోసమేమో. నేనడగలేదు."

"వెలుతురుకి తేదీ కావాలా?"

"నేనడగలేదని చెప్పానుగా!"

"అందరిళ్ళలోనూ అలాగే తీశావా?"

"తీశాను. నన్ను రానిచ్చిన అందరిళ్ళలోనూ."

"మీ ఇంట్లో?"

"మా ఇంట్లోనే మొదలుపెట్టాను. నమూనాకి. సోమవారం."

"మీ నాన్న ఊరుకున్నాడా? ఆ క్వారీ దుమ్ము పట్టిన ఊపిరితిత్తులతో, వేడి లేకుండా?"

"హీటరుంది కదా. అయినా నాన్న ఏమీ అన్లేదు. కుర్చీలో కూర్చుని చూశాడు. నేను బూడిదెత్తుతుంటే 'మీ అమ్మ చేసిన పని అది' అన్నాడు. అంతే. తర్వాత అటు తిరిగి కూర్చున్నాడు. అత్తా, నాకు ఈ పని ఇష్టం. నాకంటూ దొరికిన మొదటి పని ఇది. ఈ కొండల్లో ఆడపిల్లకి గొర్రె ఉన్ని బేరాలు తప్ప ఇంకేముంది? వంటిళ్ళు అందంగా సర్దితే తప్పా?"

"తప్పు కాదు. ఎవరికోసం సర్దావని అడుగుతున్నాను. నా వంటింటి ఫొటో ఎవరు చూస్తారు?"

"ఎస్టేటు పుస్తకంలో వేస్తారు."

"ఏం పుస్తకం?"

"మామూలు పుస్తకం. బొమ్మలుంటాయి."

"కిట్టీ."

"ఏం లేదత్తా."

"కిట్టీ, ఇటు చూడు. నాకు సరిగ్గా కనపడట్లేదు గానీ నువ్వు నేల చూస్తున్నావని తెలుస్తోంది."

"బొమ్మ కింద రెండు ముక్కలు రాస్తారు. 'కొండల ఒడిలో వెచ్చని పల్లె వంటిల్లు. నలుగురు పడుకోవచ్చు. వసంతం నుంచి.' అంతే. ఊరికే రాస్తారు."

"ఈ ఇంట్లో నేనొక్కదాన్నే పడుకుంటాను. ఆ నలుగురెవరు?"

"నలుగురంటే... ఊరికే ఒక అంకె."

"చెప్పవే. నా మంచం మీద పడుకోబోయే ఆ నలుగురి పేర్లు చెప్పు."

"సెలవులకొచ్చేవాళ్ళు. పట్నం నుంచి. అది... వసంతంలో మరమ్మతులు చేస్తారంట, అప్పుడు మనల్ని కొన్నాళ్ళు కింద పట్నంలో కొత్త ఫ్లాట్లలో ఉంచుతారంట. మళ్ళీ తీసుకొస్తామన్నాడు. అన్నాడత్తా, నామీద ఒట్టు."

"కాగితం మీద అన్నాడా, నోటితో అన్నాడా?"

"నోటితో."

"మనం అడిగితే నోటితో చెబుతారు. మననుంచి కావలసింది మాత్రం తేదీ వేసి ఫొటో తీసుకుంటారు. నా ఉత్తరమేది?"

"ఏ ఉత్తరం?"

"పొయ్యి గట్టు మీద, చట్రంలో. పసుపుపచ్చ కాగితం. అది ముట్టుకోవద్దని నీకు మూడేళ్ళప్పుడే చేతిమీద కొట్టాను."

"అక్కడ కొవ్వొత్తులు పెట్టాను. అది చలికాలానికి నప్పలేదు."

"ఎక్కడ పెట్టావ్?"

"పెట్టెలో. రిబ్బన్ల పెట్టె. కాదు, గంటల పెట్టె."

"పెట్టెలు ఎక్కడ?"

"కొన్ని వెనక కొట్టంలో. కొన్ని బండిలో."

"బండెవరిది?"

"ఎస్టేటుది. అయ్యో, బయటే ఉందత్తా, ఇంకా వెళ్ళలేదు! ఉండు. ఉండు, తెస్తాను."

"ఒట్టి చేతుల్తో రాకు."

"దొరికింది, దొరికింది! అద్దం కాస్త చిట్లింది. కాగితానికేం కాలేదు."

"చదువు."

"నీకు కంఠతా వచ్చుగా."

"నాకొచ్చింది జార్జి చెప్పింది. జార్జికొచ్చింది మా నాన్న చెప్పింది. ఆ గొలుసుకట్టు రాత నాకెప్పుడూ కొరుకుడు పడలేదు. చదువు."

"ఉండు, ఫోను. పెల్హామే."

"ఎత్తకు."

"ఎత్తకపోతే వచ్చేస్తాడు. హలో? ఆఁ, చెప్పండి. అయిపోయిందండి మూడోది. ఖాళీ ఫొటోనా? తీశాను. లేదు, ఇంకా పంపలేదు, ఇక్కడ సిగ్నల్... మూడింటికా? మీరే వస్తారా? సరే. ఐదో నంబరా? లేదండి, నేను మూడుసార్లు వెళ్ళాను, ఆవిడ నిప్పుకడ్డీ పట్టుకుని గేటు దాకా తరిమింది... మీరే చూసుకుంటారా? తాళంచెవి మీ దగ్గరుందా? ఓ. పిల్లికి పాలు పొయ్యడానికి. సరేనండి. సరే."

"ఏమంటాడు?"

"మూడింటికొస్తాడంట. నీ పొయ్యి తన కళ్ళతో చూస్తాడంట. ఇంకొకాయన్ని కూడా తెస్తాడంట."

"ఎవర్ని?"

"లాయరుగారి గుమాస్తా అన్నాడు. అత్తా, వంటింటి అలంకారం చూడ్డానికి లాయరు గుమాస్తా ఎందుకొస్తాడు?"

"ఇప్పుడడిగావే. ఇది సోమవారం అడగాల్సింది."

"మా పొయ్యి ఫొటో పంపేశాను. వాల్టర్ తాతది పంపేశాను. నాలుగో నంబరుది పంపేశాను. నా చేత్తో నేనే... నాన్నకేమని చెప్పను? మా ఇంట్లో నిప్పు నేనే..."

"ఏడవకు. ఏడిస్తే అక్షరాలు కనపడవు. ఇద్దరం గుడ్డివాళ్ళమైతే చదివేదెవరు? చదువు ముందు."

"'సున్నపు బట్టీ వరసలోని కాపురాలకు. ఈ శీతాకాలం తొమ్మిది వారాలు దారి మూసుకుపోయినప్పుడు, మీరు మీ తలుపులు కాల్చుకుని నా భార్యనూ పసిబిడ్డనూ బతికించారు. ఇందుకు బదులుగా నేను ఇవ్వగలిగింది ఈ మాట ఒక్కటే. నాకూ, నా తర్వాత ఈ భూమికి వచ్చేవాళ్ళకూ ఇది కట్టుబాటు. దీని నకలు ఈ భూమి దస్తావేజుతో జతచేయించాను.' దస్తావేజుతోనా? అంటే ఇది ఊరికే..."

"చదువు."

"'వరస నిప్పు ఆరనంత కాలం, వరసలోని వారిని, వారి పిల్లలను, ఎవరూ కదిలించరాదు.' కింద సంతకం. అంతే."

"మళ్ళీ చదువు."

"'వరస నిప్పు ఆరనంత కాలం...'"

"ఏ నిప్పు?"

"వరస నిప్పు."

"ఎవరింటి పొయ్యి వాళ్ళదని కదే రాసుంది? ఇంటి నిప్పు ఆరితే ఆ ఇల్లు పోతుందని. మా నాన్న అలాగే చెప్పాడు. జార్జీ అలాగే చెప్పాడు. అందుకే కదా ఎవరి పొయ్యికి వాళ్ళం కాపలా కాసుకుని చచ్చాం!"

"అలా లేదత్తా. ఇల్లన్న మాటే లేదు. పొయ్యిలని లేదు. 'వరస నిప్పు'. ఒక్కటే నిప్పు. ఐదిళ్ళకీ కలిపి ఒక్కటే."

"ఒక్కటేనా?"

"ఒక్కటే. అందుకేనేమో! పెల్హాం నాకు చెప్పింది అదే. 'ఐదూ ఒక్క వారంలో అవ్వాలి కిట్టీ, నాలుగు చేసి ఒకటి వదిలేస్తే సెట్టు చెడిపోతుంది' అన్నాడు. నేను టీ కప్పుల సెట్టులాంటి మాటనుకున్నాను."

"వాడు చదివాడు. అరవై మూడేళ్ళు చట్రంలో పెట్టుకుని మనం చదవలేదు, ఉద్యోగంలో చేరిన రెండేళ్ళకి వాడు చదివాడు."

"అయితే ఎక్కడో ఒకచోట వెలుగుతుంటే చాలు. అంతేగా? ఐదిళ్ళలో ఏ ఒక్కదాంట్లో..."

"నువ్వు ఎన్ని ఆర్పావ్?"

"నాలుగు."

"ఐదోది?"

"ఆగ్నెస్ అత్త ఆర్పనివ్వలేదు."

"ఆహా. నిప్పుకడ్డీ పట్టుకుని తరిమింది. ఆ కడ్డీ చేతికి దండం పెట్టాలే. మొన్న నువ్వు చెప్పినప్పుడు నేను పడీపడీ నవ్వాను, ముసలిదానికి పిచ్చెక్కిందన్నాను."

"అయితే ఇంకేం భయం? ఆగ్నెస్ అత్త ఇంట్లో ఉంది, పొయ్యి వెలుగుతూ ఉంది, పెల్హాం వస్తే మళ్ళీ కడ్డీ తీస్తుంది."

"లేదు."

"ఏం లేదు?"

"ఆగ్నెస్ ఇంట్లో లేదు. పొద్దున ఎనిమిదింటికి బస్సు కోసం నిలబడ్డప్పుడు చూశాను. పెల్హాం కారులో, ముందు సీట్లో, కొత్త టోపీ పెట్టుకుని రాణిలా కూర్చుని వెళ్ళింది. సముద్రం ఒడ్డున దాని చెల్లెలింటికి, రెండ్రోజులకి. ఏళ్ళ తర్వాత ఒక మంచిపని చేశాడు వాడు అనుకున్నాను. నేను, హెస్టర్ని, వాడికి చెయ్యి కూడా ఊపాను!"

"పిల్లికి పాలు పొయ్యడానికి తాళంచెవి తీసుకున్నాడన్నాడు."

"ఆగ్నెస్‌కి పిల్లి పడదే! తుమ్ములు. దాని ఇంట్లో ఎప్పుడైనా పిల్లిని చూశావా?"

"చూళ్ళేదు."

"పొయ్యిలో బొగ్గు తనే వేస్తానని నమ్మించి దాని దగ్గర తాళంచెవి పుచ్చుకునుంటాడు. టైమెంత?"

"మూడుకి పావు తక్కువ."

"ఆగ్నెస్ బయటికెళ్తే నిప్పుకి బూడిద కప్పి వెళ్తుంది. కప్పిన నిప్పు ఏడు గంటలు నిలుస్తుంది, గట్టిగా కప్పితే ఎనిమిది. ఎనిమిదింటికి కప్పింది. లెక్క నువ్వే చూసుకో. కిటికీ దగ్గరికెళ్ళు. ఐదో నంబరు పొగగొట్టం చూడు."

"ఈ స్ప్రే అడ్డమొస్తోంది."

"తుడిచెయ్!"

"పోవట్లేదత్తా, గట్టిగా పట్టేసింది..."

"తలుపు తియ్యి అయితే. బయటికి వెళ్ళి చూడు. వస్తోందా? పొగ వస్తోందా? నా కళ్ళు పనిచెయ్యట్లేదే, చెప్పు!"

"ఉండు... లేదు... ఉంది! ఉందత్తా! సన్నగా. దారప్పోగులా. ఆగి ఆగి వస్తోంది."

"బొగ్గు బకెట్టు అందుకో. పార కూడా."

"తాళమేసుందిగా."

"తాళం తలుపుకి. వెనక కిటికీకి ఉన్నది అద్దమే."

"పగలగొట్టమంటావా? ఆ ఇల్లు ఎస్టేటుది. పోలీసుల్ని పిలుస్తారు. నా పని పోతుంది."

"పోతుంది. ఇప్పుడే చెబుతున్నా, పోతుంది. అది తిరిగి తెచ్చిపెట్టడం నా చేతిలో లేదు. నువ్వు ఇక్కడే నిలబడితే పని ఉంటుంది. మార్చిలో మీ నాన్న కుర్చీ మీద గొర్రెతోలు పరిచి, లాంతర్లు తగిలించి, ఎవరో నలుగురికి పక్కలు వేస్తావ్. ఏది కావాలో చూసుకో. త్వరగా చూసుకో."

"కోర్టులో ఈ కాగితం నిలబడుతుందా అసలు?"

"నాకు తెలీదు. వాడికి భయమని మాత్రం తెలుసు. చెల్లని కాగితానికి భయపడి ఎవడూ లేని పిల్లి పేరు చెప్పి తాళంచెవి దగ్గర పెట్టుకోడు."

"ఆగ్నెస్ అత్త నన్ను చంపేస్తుంది."

"నేను పగలగొట్టమన్నానని చెప్పు."

"అయితే ఇద్దర్నీ చంపుతుంది. నలభై ఏళ్ళుగా మీ ఇద్దరికీ మాటల్లేవు. నీ పేరు చెబితే నన్ను వింటుందా?"

"వింటుంది. దానికి ఇలా చెప్పు. అరవై మూడులో మనమంతా ఉన్నది దాని వంటింట్లోనే. మావాళ్ళు మెట్లు కొట్టి మోసుకెళ్ళింది అక్కడికే. బిడ్డని ఊపింది అక్కడే. మా పొయ్యి మొదటి వారంలోనే ఆరిపోయింది, మా నాన్న నిర్లక్ష్యం వల్ల. ఆ సిగ్గు చెప్పుకోలేక మా వంటిల్లంటూ వచ్చాను. హెస్టర్ ఒప్పుకుందని చెప్పు."

"అత్తా! ఇన్నాళ్ళూ నువ్వు..."

"ఆశ్చర్యం తర్వాత పడుదువుగాని. బకెట్టేది?"

"ఇదిగో. పట్టుకున్నాను. నువ్వెక్కడికి?"

"గేటు దగ్గరికి. గుమాస్తాని కాసేపు మాటల్లో పెట్టగలను. కళ్ళు కనపడని ముసలిదాన్ని, చెయ్యిపట్టుకుని నడిపించమంటాను. పది నిమిషాలు నడిపిస్తాడు పాపం. మంచు మీద నిదానంగా నడుస్తాను నేను."

"వంతెన దగ్గర కారు."

"ఎంత దూరం?"

"అవతలి గట్టున. లైట్లు కనపడుతున్నాయి."

"అయితే ఇంకా నిలబడ్డావేమే? అద్దం పగలగొట్టు. దూరు. ముందు ఆ పొయ్యిలో బొగ్గు వెయ్యి, ఊదు, మంట లేచేదాకా ఊదు. లేచాక నాలుగు పారలు నింపు. ఒకటి వాల్టర్‌కి, ఒకటి మీ నాన్నకి, ఒకటి ఆ కవలల తల్లికి. ఆ తెల్ల దుంగలు కూడా లోపల పెట్టి నాలుగోది ఇక్కడ అంటించు. వాడు కారు దిగేసరికి ఐదు పొగగొట్టాలూ పొగ కక్కాలి. పరిగెత్తు!"